మామ్మ చేతివాటం

సన్యాసినాయుడు ముక్కుపొడి పీలుస్తున్నాడని బ్యాంకులో గుసగుసలు బయల్దేరాయి.

నిజానికి ఆయన జన్మలో ముక్కుపొడి ముట్టి ఎరగడు. విజయనగరంలో ఒక బ్యాంకు శాఖకు మేనేజరు. అప్పు కోసం వచ్చినవాళ్లతో గంభీరంగా మాట్లాడుతూ మాట్లాడుతూ, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలోంచి చిటికెడు ఏదో తీసి, ముక్కు దాకా తీసుకెళ్లి, ఏమీ జరగనట్టు చెయ్యి మళ్లీ బల్ల మీద పెట్టేసేవాడు. ఎదుటివాళ్లు తుమ్ముతాడేమోనని కుర్చీ కాస్త వెనక్కి జరుపుకునేవారు. తుమ్ము వచ్చేది కాదు. వాళ్ల ముఖాలు చూసి ఆయనకు నవ్వు మాత్రం వచ్చేది.

"మొన్న హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన 'ఏటండీ నాయుడుగారూ, జలుబా?' అన్నాడే," అని ఆయన ఫోనులో అన్న కూతురు హైమకు చెప్పాడు. "కాదండీ, మా అమ్మ అన్నాను. మరి మాట్లాడితే ఒట్టు!"

హైమ పగలబడి నవ్వింది. "చిన్నాన్నా, బ్యాంకు మేనేజరుకి చేతివాటం ఎక్కువైందని పైవాళ్లకి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఊడనీ. అమ్మ పోయాక ఆ ముక్కుపొడి డబ్బీ మూత తియ్యడానికే మనసొప్పేది కాదు. ఇప్పుడు చూడు, ఎక్కడ కూచున్నా పక్కనే ఉన్నట్టుంది. ఇదెన్నాళ్లుంటుందే?"

"తగ్గిపోతుంది. భయపడకు."

"భయమేటే? తగ్గకుండా మందుంటే చెప్పీ."

 చిన్నాన్న చేతిని అలా చేసింది హైమ పనిచేసే ప్రయోగశాలే.

విశాఖపట్నంలో, సముద్రం కనబడే ఒక గుట్ట మీద, పాత టెలిఫోను ఆఫీసు గదుల్లో నడిచేది ఆ ప్రయోగశాల. అక్కడి యంత్రాన్ని తయారుచేసింది ఇంజినీరు రెహానా. ఏళ్ల తరబడి ఒకే చేతిలో మెలిగిన వస్తువేదైనా దానికిస్తే, ఎక్కడ ఏ వేలు నొక్కిందో, ఎటు జారిందో, ఎటు తిప్పిందో ఆ అరుగుదలలోంచి చదివేది. చదివిన కదలికను ఒక చేతితొడుగులోకి పంపేది. ఇక ఆ తొడుగు వేసుకున్నవాళ్ల వేళ్లు వాటంతట అవే ఆ పని చేసేవి. పక్షవాతం వచ్చిన మనిషికి అతని సొంత సామాను నుంచే అతని పాత చేతిని తిరిగి ఇప్పించాలని రెహానా ఆశ. యంత్రానికి 'వాటం' అని పేరు పెట్టింది కూడా ఆమే.

హైమ చదివింది మనస్తత్వశాస్త్రం. తొడుగు తీసేశాక మనిషి చేతిలో ఏం మిగులుతుందో చూడటం ఆమె పని. మిగులుతోంది. అదే చిక్కు. మొదటిసారి తొడుగు వేసుకున్న ఒక టైపు మాస్టారు, ఎవరో దర్జీ కత్తెర వాటం ఎక్కి, పెళ్లి విందులో పక్కవాడి అరిటాకును నిలువునా కత్తిరించబోయాడు. కొత్త అలవాటు పాత అలవాటుతో కొన్నాళ్లు పోట్లాడేది, తరువాత ఓడిపోయి వెళ్లిపోయేది. వెళ్లిపోయేటప్పుడు కొందరు ఊపిరి పీల్చుకునేవారు. కొందరు ఏడ్చేవారు. హైమ రెండు రకాలనూ ఒకే గొంతుతో ప్రశ్నలడిగి రాసుకునేది. మనుషులు తన ముందు ఏడ్చినా ఆమెకు ఇబ్బందిగా ఉండేది కాదు. గుంపుగా కూర్చుని నవ్వుతుంటేనే ఎటు చూడాలో తెలిసేది కాదు.

మామ్మ పైడమ్మ పోయాక ఇంట్లోవాళ్లు ఆమె సామాను పంచుకున్న రోజు కూడా హైమకు ఎటు చూడాలో తెలియలేదు. చిన్నాన్న ముక్కుపొడి డబ్బీని జేబులో వేసుకున్నాడు; తరువాత యంత్రానికి ఇచ్చింది దాన్నే. మేనత్త బంగారత్త కత్తినీ ఇత్తడి గిన్నెలనూ ఒళ్లో పెట్టుకుని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఓడల మీద తిరిగే నాన్న ఏదో రేవు నుంచి ఫోను చేసి మామ్మ చేతిగొడుగు ఉంచమన్నాడు. "నీకేం కావాలే?" అని అందరూ అడిగితే, "నాకేమీ వద్దు" అంది హైమ. పెంచిన మామ్మ గుర్తుగా ఒక్క చెంచా కూడా తీసుకోని పిల్లను అందరూ వింతగా చూశారు. కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు.

*

వేసవి ముదిరిన రోజుల్లో బంగారత్త ఒక చేత్తో పనసకాయ సంచీ, ఇంకో చేత్తో తువ్వాల్లో చుట్టిన కత్తి పట్టుకుని ప్రయోగశాలలోకి వచ్చింది. బస్సు దిగి గుట్ట ఎక్కడంతో ఆయాసపడుతోంది.

"ఏమే, మీ మిషను ముక్కుపొడికేనా, కూరకి కూడా పనికొస్తాదా?"

"ముందు మంచినీళ్లు తాగత్తా."

"నీళ్లు తరవాత. ఈ ఏడు ఒక్కసారైనా నోటికి పనసపొట్టు కూర తగల్లేదు. బజార్లో కొట్టి అమ్ముతున్నారు, అది పొట్టేటి? పశువుల మేత. మా అమ్మ కొడితే కొబ్బరి కోరులాగ ఉండీది." అత్త తువ్వాలు విప్పి కత్తిని రెహానా ముందు పెట్టింది. "ఇదిగో తల్లీ, నాకు ఊహొచ్చిన కాడినుంచీ మా అమ్మ చేతిలోనే ఉంది. ఆ వాటం ఏదో నాకు ఎక్కించీ. ఇల్లంతా నీ పేరు చెప్పుకుని తింటాం."

పనసపొట్టు కొట్టడం తెలియనివాళ్లకు అదొక మోటు పనిలా కనిపిస్తుంది. చేతులకు నూనె రాసుకుని, కాయ పైతోలు చెక్కి, తెల్లటి ముద్దను పీట మీద నిలబెట్టి కత్తితో కొట్టుకుంటూ పోవడమే. కాని గాటు లోతు ఏమాత్రం తప్పినా ముక్కలవుతుంది. ముక్కలైతే ఆవపెట్టిన కూరకు పనికిరాదు. మామ్మ కొడుతుంటే వంటింట్లో కూర్చున్నవాళ్లకు పెరట్లోంచి వాన చినుకుల చప్పుడు వినబడేది.

రెహానా కత్తి పిడిని యంత్రంలో పెట్టింది. అది చదివింది. అత్త కుడిచేతికి తొడుగు తొడిగి, నిజం కత్తికి బదులు చెక్క కత్తి ఇచ్చి, ఎదురుగా సొరకాయ నిలబెట్టింది.

"మీరేం చెయ్యకండి ఆంటీ. చెయ్యి వదిలెయ్యండి."

అత్త కళ్లు మూసుకుని "అమ్మా, రా" అంది. చెయ్యి లేచింది. లేచిన చెయ్యి సొరకాయ మీద పడకుండా బయటి వైపుకు తిరిగి గాలిని కొట్టింది. రెండోసారి మణికట్టు మెలికపడి చెక్క కత్తి అత్త భుజాన్నే తట్టింది. మూడోసారి సొరకాయ పీట మీద నుంచి దొర్లి కిటికీ కింద పడింది.

"ఓలమ్మో! నన్ను తోసేస్తన్నట్టుందే! మీ మిషను పాడైపోనాది హైమా. మా అమ్మ ఇలగ కొట్టదు."

రెహానా ముఖం చిన్నబోయింది. యంత్రాన్ని మళ్లీ చదివించింది. మళ్లీ అదే. తీగలన్నీ ఊడదీసి పెట్టింది. అత్త దొర్లిన సొరకాయను ఏరుకుని, "పోనీలే, దీన్నయినా పప్పులో వెయ్యి" అని బల్ల మీద పెట్టింది.

వాళ్లిద్దరి మాటల మధ్య హైమ మామ్మ కత్తిని చేతిలోకి తీసుకుంది. మామ్మ వస్తువును ముట్టుకోవడం అదే మొదలు. పిడి మీద బొటనవేలు ఆనే చోట ఒక గుంట పడి ఉంది. కుడిచేత్తో పట్టుకుంటే ఆ గుంట అరచేతికి ఎదురు తగిలి ఒత్తుతోంది. ఆమె ఏమీ ఆలోచించకుండానే కత్తిని చెయ్యి మార్చింది. బొటనవేలు గుంటలోకి జారి కూర్చుంది. మిగిలిన వేళ్లు వాటి వాటి చోట్లు వెతుక్కున్నాయి.

హైమ చాలాసేపు ఆ చేతివైపే చూసింది.

"అత్తా, మామ్మ ఏ చేత్తో పొట్టు కొట్టేది?"

"ఏ చేత్తో ఏటే? చేత్తోనే."

"కుడా, ఎడమా?"

"నోరు కడుక్కో! దేవుడికి నైవేద్యం పెట్టిన మనిషి ఎడంచేత్తో కూర తరుగుతాదేటి?"

"నువ్వు చూశావా?"

అత్త చెప్పబోయి ఆగింది.  "పెరట్లో కొట్టీది కదా. గోడకి తిరిగి కూచునీది. పనస పాలు కళ్లల్లో పడతాయి, దూరంగా పొండర్రా అని అరిచీది. మేం పోయేవాళ్లం." గొంతు క్రమంగా దిగిపోయింది. "పనసకాయకి పాలు కారతాయి గానీ, కళ్ల దాకా ఎక్కడ ఎగురుతాయే?"

ఒక మనిషి చేతి వంట తింటూ ఒక ఇల్లు మొత్తం పెరిగింది, పెళ్లిళ్లు చేసుకుంది, ముసలిదైంది. ఏ చెయ్యో ఒక్కరూ చూడలేదు. చదువుకున్న రెహానా కూడా కుడి తొడుగే తీసింది. ఎడమ తొడుగు అసలు అడగాలని ఎవరికీ తోచలేదు. తనకూ తోచలేదు. అందరికంటే తనకు తోచి ఉండాల్సింది.

ఎందుకంటే చిన్నప్పుడు హైమ ఎడమచేత్తో అన్నం తినబోతే, మామ్మ ఆ చేతిని తువ్వాలుతో వెనక్కి కట్టేసేది. కొట్టలేదు, తిట్టలేదు. ముడి వేసి, పక్కన కూర్చుని, కథ చెబుతూ కుడిచేత్తో ముద్దలు కలుపుకునేలా చేసింది. హైమ నేర్చుకుంది. కుడిచేత్తో తిన్నది, కుడిచేత్తో రాసింది, రెండు చేతులతోనూ మొరటుగా పెరిగింది. గ్లాసులు జారవిడిచింది. మనుషుల మధ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పిల్లగా మిగిలింది. పెద్దయ్యాక మనుషుల చేతుల గురించి చదువుకుంది.

ఇప్పుడామెకు మొదట నవ్వొచ్చింది. నవ్వు వెనకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని నిలబడి వినడానికి మామ్మ లేదు.

*

"ఎడమ తొడుగు చెయ్యడం నాకు పెద్ద పని కాదు," అంది రెహానా. "కాని ఎవరికి తొడగను? మీ మేనత్తగారి ఎడమచెయ్యి బరువు మొయ్యడానికి తప్ప దేనికీ రాదు. ఈ వాటం పట్టే చెయ్యి మీ ఇంట్లో నీదొక్కటే."

"తొడుగు మరి."

"తొందరపడకు. మీ చిన్నాన్న కుడిచేతికి సొంత అలవాట్లు బోలెడున్నాయి, అందుకే ముక్కుపొడి నిలవదు. నీ ఎడమచేతికి సొంతంగా ఏముంది? దేన్ని అడ్డుపెట్టుకుని పోట్లాడుతుంది?"

"కాకులున్నాయి," అంది హైమ.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె ఎడమచెయ్యి కాగితాల అంచుల మీద కాకులను గీస్తుంది. పెన్ను ఎత్తకుండా ఒకే గీతలో ముక్కు, మెడ, తోక. ఎవరైనా వస్తే కాగితం తిప్పేస్తుంది. ఆమెకు తెలిసి ఆ చెయ్యి చేసే పని అదొక్కటే. మామ్మకు చిక్కకుండా మిగిలింది కూడా అదొక్కటే.

రెహానాకు ఆ కాకుల సంగతి ఎప్పటినుంచో తెలుసు. "అవి పోతాయి హైమా. మీ మామ్మ జీవితమంతా పట్టిన కత్తి అది. కాకుల మీద అదే గెలుస్తుంది. ఒకసారి వచ్చాక పోదేమో కూడా."

ఆ రాత్రి బంగారత్త ఫోను చేసి చీవాట్లు పెట్టింది. "రెహానా చెప్పింది. వద్దంటే వద్దు. కూర కోసం పిల్లదాని చెయ్యి అడుగుతానేటి? రాచ్చసినా?"

"కూర కోసం కాదత్తా."

"మరి దేనికే?"

 తువ్వాలు కట్టిన మనిషి, తనలాంటి చెయ్యే ఉన్న మనిషి, ఎందుకు కట్టిందో హైమకు తెలియాలి. మనసులోది యంత్రం చదవదని ఆమెకు బాగా తెలుసు. అది చెక్క మీద ఒత్తిడిని చదువుతుంది, అంతే. అయినా మామ్మ గురించి సాక్ష్యం చెప్పగలిగిన మనుషులందరూ అటు తిరిగి కూర్చున్నవాళ్లే. అంతా చూసింది ఆ పిడి ఒక్కటే. దాన్ని వినాలంటే తనదైన ఒకే ఒక్క చేతిని తనను కట్టేసిన మనిషికే ఇచ్చెయ్యాలి. ఇస్తే తిరిగి రాదు. ఇవ్వకపోతే ఈ కోపం ఇలాగే, ఎవరి మీదో తెలియకుండా, తనలో కాపురం ఉంటుంది.

ఆమె కొన్ని రోజులు మామూలుగా తిరిగింది. కూరగాయలు కొంది, బీచిరోడ్డు మీద నడిచింది. ఒక సాయంత్రం తెల్లకాగితం నిండా పెద్ద కాకిని గీసి గోడకు అంటించింది. మర్నాడు రెహానా ముందు ఎడమచెయ్యి చాపింది.

*

చెక్క కత్తి పట్టుకోగానే చెయ్యి తేలికైంది. హైమ ఊహించని సంగతి అది. మామ్మ చేతిలో బిగువు ఉంటుందనుకుంది, లేదు. మణికట్టు వదులుగా ఊగింది. టకటకమని సొరకాయ మీద గాట్లు పడ్డాయి, కాయ దానంతటదే కొంచెం కొంచెం తిరిగింది. మధ్యమధ్య వేళ్లు పిడిని సరదాగా ఎగరేసి పట్టుకున్నాయి. ఎవరూ చూడకపోతే మామ్మ ఇలా ఆడుకునేదన్నమాట! హైమ పెదవుల మీదికి నవ్వు వచ్చింది. గోడకేసి కూర్చున్న ఆ ముసలామె తన పెరటి నాటకంలో ఎంత సుఖపడిందో మోచేతి దాకా తెలుస్తోంది.

అంతలో తలుపు తోసుకుని రెహానా టీ పట్టుకుని వచ్చింది.

ఎడమచెయ్యి ఠక్కున తెరుచుకుంది. కత్తి కుడిచేతిలోకి దూకింది. కుడిచెయ్యి దాన్ని బుద్ధిమంతురాలిలా పట్టుకుని సొరకాయ మీద ఊరికే ఆనించింది. ఎడమచెయ్యి చున్నీ మడతల్లోకి దూరి దాక్కుంది.



రెహానా టీ పక్కన పెట్టి కత్తి పిడిని మళ్లీ భూతద్దం కింద చూసింది. ఎడమచేతి లోతైన అరుగుదల మీద, రెండో వైపు, పల్చగా ఇంకో అరుగుదల ఉంది. కుడిచేతిది. పని చేసిన చెయ్యి కాదు. పట్టుకుని నటించిన చెయ్యి.

"ఎవరో వచ్చిన ప్రతిసారీ," అంది రెహానా మెల్లగా.

హైమ ఎడమచేతిని చున్నీలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అది మళ్లీ మడతల్లోకే పోబోయింది. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడింది మామ్మా, తనా? కాగితం తిప్పేసే తన అలవాటూ ఇదే కదా. రెండు ఉలికిపాట్లూ ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయాయి; వాటిని విడదీయడానికి తన శాస్త్రంలో పనిముట్టు లేదు. దాక్కుని బతకడం ఎంత అలసటో తెలిసినవాళ్లు, పిల్లకు ఆ అలసట వద్దనుకుంటారేమో. అనుకుని, తువ్వాలు ముడి బిగిస్తారేమో. అది తప్పే. కాని ఆ ముడి వేసిన వేళ్లు కూడా ఇలాగే దాక్కున్నవేనని ఇన్నేళ్లలో ఒక్కసారీ తోచలేదు.

ఇది ఊహ. హైమ తన నివేదికలో ఊహలు రాయదు. ఆ రోజు అసలు నివేదికే రాయలేదు.

వారాలు గడిచినా ఆ వాటం తగ్గలేదు. కాకిని గీయబోతే గీత తునకలు తునకలుగా, పొట్టు కొట్టినట్టు వచ్చేది. మొదట్లో కాగితం నలిపి పారేసింది. ఆ కాకి కోసం ఒకరోజు కూర్చుని ఏడ్చింది కూడా. తరువాత ఆ తునకలతోనే ఏదో గీయడం మొదలుపెట్టింది. అది పక్షి అవుతుందో, చేప అవుతుందో ఇంకా తేలలేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు తొడుగు వేసే ముందు రెహానా ఇప్పుడు ఒక ప్రశ్న అడుగుతోంది: ఈ చేతికి మీరు ఎవరికీ చెప్పని పని ఏదైనా ఉందా? ఆ ప్రశ్నను చేర్చింది హైమే.

*

పనసకాయల కాలం అయిపోకముందే, ఒక ఆదివారం, బంగారత్త అందరినీ తన అపార్ట్‌మెంటు డాబా మీదికి పిలిచింది. రెహానా కూడా వచ్చింది. చిన్నాన్న ముఖం వాడి ఉంది. ముక్కుపొడి వాటం ఆ మధ్యే పూర్తిగా పోయిందట.

హైమ చేతులకు నూనె రాసుకుని మామ్మ కత్తిని ఎడమచేత్తో తీసుకుంది. తొడుగు అవసరం లేదు. అందరూ చుట్టూ కూర్చుని కళ్లప్పగించి చూస్తున్నారు. కత్తి లేచింది, గాల్లో ఆగింది, కుడిచేతిలోకి దూకింది. మళ్లీ మార్చుకుంది. మళ్లీ దూకింది.

"ఏటే ఇది, గారడీయా?" అన్నాడు చిన్నాన్న.

"మీరు చూస్తుంటే అవదు చిన్నాన్నా."

బంగారత్తకు అర్థమైంది. "లెండర్రా. అందరూ అటు తిరగండి. గోడకేసి కూచోండి."

"ఎండగా ఉందప్పా అటు," అని చిన్నాన్న అక్కతో గొణిగాడు.

"కూర కావాలా, నీడ కావాలా?"

అందరూ పిట్టగోడ వైపు తిరిగి వరసగా కూర్చున్నారు.  వెనకాల చినుకులు మొదలయ్యాయి. ఒకటి, రెండు, తరువాత ఏకధాటిగా. బంగారత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆ చప్పుడు వింటోంది.

"ఎదురింటి అప్పలకొండ మనల్నే చూస్తంది," అన్నాడు చిన్నాన్న గొంతు తగ్గించి. "ఇంటిల్లిపాదినీ గోడ కుర్చీ వేయించిందెవరా అనుకుంటాది."

"నీకు చిన్నప్పుడు స్కూల్లో అలవాటే కదరా, కూచో."

రెహానా నవ్వు ఆపుకోలేకపోయింది. చిన్నాన్న మెడ మెల్లగా పక్కకు తిరిగింది. వెనకాల చినుకులు ఠక్కున ఆగిపోయాయి.

"చిన్నాన్నా!"

"లేదే, మెడ పట్టేసింది!"

మళ్లీ మొదలైంది. కొంతసేపటికి బంగారత్త చీర సర్దుకుని లేచింది. ఎవరికీ చెప్పకుండా వెనక్కి తిరిగింది. హైమ తల వంచుకుని ఉంది. అడుగుల చప్పుడుకు తలెత్తలేదు. చెయ్యి మాత్రం విన్నది. కత్తి గాల్లో నిలిచిపోయింది. వేళ్లు ఒక్కొక్కటిగా విడివడుతున్నాయి.

బంగారత్త పీట ఎదురుగా గొంతుక్కూచుంది. ఆ చేతికేసి చూసింది. ఏ చెయ్యో మొదటిసారి చూసింది.

"అమ్మా, నేనేనే. బంగారాన్ని."

విడివడిన వేళ్లు అలాగే ఉండిపోయాయి. కత్తి అటూ వెళ్లలేదు, ఇటూ రాలేదు.  కుడిచెయ్యి అందుకోవడానికి తయారుగా లేచింది. దాన్ని హైమ మోకాలి కింద అదిమిపెట్టింది. బొటనవేలు వెనక్కి వచ్చి గుంటలో కూర్చుంది. మిగిలిన వేళ్లు మూసుకున్నాయి. కత్తి పనసకాయ మీద పడింది.

పీట మీద తెల్లటి పొట్టు రాలింది. అత్త చిటికెడు తీసుకుని, వేళ్ల మధ్య నలిపి, ఎండకు పెట్టి చూసి, పెదవి విరిచింది.

"ఇంకొంచెం సన్నంగా కొట్టవే," అంది.

ఎవరితో అన్నదో ఎవరూ అడగలేదు. చినుకులు ఇంకా సన్నబడ్డాయి.